పక్షి ఈకలలోని పేలు

అమరావతి ప్రాంతమున, గుంటూరు చెంతనున్న ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లపై గూళ్లు కట్టుట మీలో పెక్కురు చూచియుందురు. ఆ పక్షులు తీరిక దొరికినప్పుడెల్ల ముక్కుతో ఈకలు దువ్వుకొనుచుండును. అది సోకు మాత్రమే కాదు, పేల వేట కూడ.

మన తలలోని పేను నెత్తురు పీల్చును. పక్షుల పేలకు కొరుకు దవడలు కలవు. ఈకల నూగు, చర్మపు పొట్టు వానిలో పెక్కింటి ఆహారము. రెక్కలు లేవు, పుట్టుక, చావు పక్షి మీదనే. గ్రుడ్లను ఈకలకు జిగురుతో అంటించును. గూటిలో తల్లి మేను తగిలినపుడు పిల్లపైకి ప్రాకును. గూడబాతుల పేలలో ఒక తెగ గొంతుసంచి లోపలనే నివసించును.

ఇట్టి పేలలో పెక్కు ఒకే జాతి పక్షిని నమ్ముకొని యుండును. ఆ పక్షి నశించిన అవియు నశించును. అమెరికాలో కాలిఫోర్నియా కాండర్ అను రాబందులు 27 మాత్రమే మిగులగా, 1987 నాటికి అన్నింటిని పట్టి సంరక్షించిరి, పేలమందును వేసిరి. పక్షి దక్కినది గాని దానికే ప్రత్యేకమైన పేను మరల కనబడలేదు.

ఉప్పలపాడు గ్రామస్థులు తమ చెరువు పక్షులను కాచుచున్నారు. వానితోపాటు ఈకలలోని ఈ చిన్ని ప్రాణులను కూడ తమకు తెలియకయే కాచుచున్నారు.