వంట నేర్పే చోటును ఎంచుకోవడం

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో పంచాంగం మీదనో, కవిత్వం మీదనో మాట్లాడడం ఆనవాయితీ. నేను పదో తరగతితో చదువు ముగించి, రైల్వేలో గుమాస్తా పని చేసుకొంటున్నవాణ్ణి. పండితుల సంగతులు పండితులకు వదలి, నాకు తెలిసిన ఒక చిన్న విషయం మనవి చేసుకొంటాను. వంట నేర్పే శిక్షణలు ఇప్పుడు ఊరూరా వెలుస్తున్నవి. వాటిలో మంచిదేదో, కానిదేదో డబ్బు కట్టక ముందే తెలుసుకోవడం ఎలాగన్నదే నా ప్రసంగం.

ఇది సభలో మాట్లాడవలసిన మాటేనా అని కొందరికి తోచవచ్చును. కాని మన స్థితి ఆలోచించండి. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న నాటి నుంచి, అనగా 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం కాక మునుపటి నుంచి, బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నవి. మాబోటివాళ్లం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చినవాళ్లం. పాత కుటుంబాలలో నాయనమ్మ ఉంటుంది, అడిగితే చెబుతుంది. క్వార్టర్లలో కాపురం పెట్టిన కొత్త దంపతులకు ఆ దిక్కు లేదు. ఇంకా పెండ్లి కాని కుర్రవాళ్లు మూడు పూటలా హోటలు తిండి తిని, నెలాఖరుకు అటు జీతానికీ ఇటు కడుపుకూ నష్టం తెచ్చుకొంటున్నారు. ఈ జిల్లా నుంచి సూరత్ మిల్లులకు వెళ్లే ఒడియా సోదరులకు మెస్సు ఎంత ముఖ్యమో మీకు తెలియనిది కాదు. ఊరు విడిచినవాడికి అన్నం వండుకోవడం తెలియడం ఒక రక్షణ. ఇందులో మగవాడు, ఆడది అనే భేదం లేదు.

కొందరికి ఇది బతుకుతెరువు సమస్య కూడాను. బరంపురం పట్టుచీరలకు ఎంత పేరో, అప్పడాలకు, ఊరగాయలకు అంత పేరు. మా కాలనీలో భర్తను పోగొట్టుకొన్న ఒక సోదరి గాజులు తాకట్టు పెట్టి, ఒకచోట పది రోజుల శిక్షణకు రుసుము కట్టింది. నోటు పుస్తకం నిండింది, సర్టిఫికెట్ చేతికి వచ్చింది. ఇంటికి వచ్చి మినప్పిండి తడిపి అప్పడం వత్తితే అంచులు పగిలినవి. కొట్టువాడు సరుకు తిప్పి పంపాడు. పది రోజులలో ఆమె చేతికి అప్పడాల కర్ర ఇచ్చినది ఒక్కసారి మాత్రమేనట! తరువాత పాత వీధిలో ఒక మామ్మగారి ప్రక్కన పీట వేసుకొని నెల రోజులు కూర్చుని వత్తింది. ఇప్పుడు ఆమె సరుకు మూడు కొట్లవారు తీసుకొంటున్నారు. మామ్మగారు పుచ్చుకొన్న దక్షిణ తాంబూలం మాత్రమే.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది: ఎంతమందికి ఎన్ని పొయ్యిలు? నేను గుమాస్తాను గనుక లెక్క వేసి చూపుతాను. ఒకచోట రుసుము 500 రూపాయలు, ముప్పయిమంది, ఒకే పొయ్యి, మూడు గంటలు అనుకోండి. 180 నిమిషాలను ముప్పయిమందికి పంచితే మనిషికి ఆరు నిమిషాలు. మరొకచోట రుసుము 1,500, ఆరుగురు, మూడు పొయ్యిలు, అవే మూడు గంటలు. మనిషికి తొంభై నిమిషాలు. మొదటి దానిలో నిమిషానికి 83 రూపాయలు, రెండవదానిలో సుమారు 17 రూపాయలు పడినవి. చవక అనుకొన్నదే ప్రియం!

చూడడం వల్ల లాభమే లేదని నేననను. 1895లో పారిస్ నగరంలో మొదలైన కార్డన్ బ్లూ పాకశాస్త్ర పాఠశాలలో నేటికీ ముందు గురువు చేసి చూపుతాడు. తరువాత ప్రతి విద్యార్థీ తన పొయ్యి దగ్గర అదే వంటకం తానే చేస్తాడు. ఆ రెండవ సగం లేకపోతే అది నాటకం చూచి రావడమే. మా రైల్వేలోనూ ఇదే పద్ధతి. డ్రైవరు ఎంత పరీక్ష ప్యాసయినా, కొత్త సెక్షనులో బండి నడపక ముందు ఆ దారి నేర్చుకొనే ట్రిప్పులు తిరగాలి. దారి తెలిసినదని సంతకం పెట్టాలి. మన బరంపురం ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చేవాడి చేతికి ఆకురాయి ఇస్తారు గాని, ఆకురాయి బొమ్మ ఇవ్వరు గదా!

రెండవ ప్రశ్న: చేతి గుర్తుతోపాటు తూకం కూడా చెబుతారా? మనవాళ్లు "తగినంత ఉప్పు" అంటారు. ఆ తగినంత అనేది యాభై ఏళ్లు వండిన చేతికి తెలుస్తుంది, కొత్త చేతికి తెలియదు. సోలెడు కల్లుప్పు, సోలెడు మెత్తని ఉప్పు విడివిడిగా తూచి చూడండి. మెత్తనిదే బరువు తూగుతుంది. కల్లుప్పు రాళ్ల మధ్య ఖాళీ ఉండడమే కారణం. పాత కొలతతో కొత్త ఉప్పు పోస్తే ఆవకాయ కషాయమే. ఉప్పు తగ్గిందా, ఊరగాయ నిలవ ఉండదు. కనుక నేర్పేవారి దగ్గర తక్కెడ ఉన్నదో లేదో చూడండి.

అయితే తూకం ఒక్కటీ చాలదు. అరిసెల పాకం తీసుకోండి. తీగపాకం దాటి ఉండపాకం వచ్చినదని గడియారం చెప్పదు. పాకం చుక్క చల్లని నీళ్లలో వేసి, వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండ కావాలి. లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. ఆ ఉండను తాకిన వేళ్లకే ఆ సంగతి తెలుస్తుంది. ఒడియావారి అరిసె పిఠా కూడా ఈ వరుసదే. ఈ ఊళ్లో ఉన్నందుకు మనం వారి వంట కూడా నేర్చుకోవాలి. వారి ఆవనూనె, మన నువ్వులనూనె. వారి బడి, మన వడియం. ఉప్పు వేసి ఎండబెట్టిన వారి అంబుల, మన మాగాయ ముక్క. ఈ రెండూ తెలిసినవారు దొరికితే వదలవద్దు.

మూడవ ప్రశ్న: చెడిపోయినదాన్ని కూడా చూపుతారా? జాడీలో నూనెకు పైన తేలిన ముక్కకు గాలి తగిలి బూజు పడుతుంది. కాయ కడిగి తడి ఆరక ముందే కోసినా, తడి గరిటె పెట్టినా అంతే. మంచి శిక్షకులు నెల తరువాత విద్యార్థులను మళ్లీ పిలిచి, ఎవరి జాడీ వాసెన వారి చేతనే విప్పించి, చెడినది ఎందుకు చెడినదో చెబుతారు. మొదటి రోజునే ఫొటో తీసి పంపివేసేచోట ఈ విద్య రాదు.

నాలుగవ ప్రశ్న: నిప్పు దగ్గర జాగ్రత్త నేర్పుతారా? వంట గ్యాసు గాలికంటె బరువు. కారితే నేల మీదనే పరచుకొంటుంది. వాసన రాగానే రెగ్యులేటరు కట్టి, తలుపులు తీయాలి. స్విచ్చి వేయనూ రాదు, తీయనూ రాదు. తరువాత బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు గల సురక్షా గొట్టమైనా అయిదేళ్లకు మార్చవలసిందే. కాగిన నూనె అంటుకొంటే నీళ్లు పోయక, మంట ఆర్పి మూత పెట్టాలి. ఇవి చెప్పనివారు మిగిలినవి ఎంత బాగా చెప్పినా అసంపూర్ణమే.

ఐదవ ప్రశ్న అమ్మకానికి చేసేవారిది: లెక్క నేర్పుతారా? పదార్థం, గ్యాసు, సీసా, పాడైన సరుకు, మన కూలి కలిపితేనే ధర. అమ్మేవారు ఆహార భద్రతా శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. 2006 నాటి చట్టం చిన్న ఉత్పత్తిదారులకు కూడా వర్తిస్తుంది. 1959లో బొంబాయిలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి ఇంటి డాబా మీద అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. అదే నేటి లిజ్జత్ పాపడ్. అక్కడ పిండి కేంద్రంలో తయారవుతుంది. సభ్యురాళ్లు ఇంటికి తీసుకొనిపోయి వత్తి తెస్తారు. నాణ్యం కుదరని అప్పడాన్ని మొహమాటానికి ఒప్పుకోరు.

డబ్బు కట్టలేనివారు నిరాశ చెందనక్కరలేదు. కర్ణాటకలో ధర్మస్థలకు సమీపాన ఉజిరెలో, ధర్మస్థల సంస్థ, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి 1982లో ఒక శిక్షణాలయం పెట్టాయి. దాని మాదిరిగానే కేంద్ర ప్రభుత్వం బ్యాంకుల ద్వారా జిల్లాలలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు నడిపిస్తున్నది. అక్కడ శిక్షణకు రుసుము లేదు. అప్పడాలు, ఊరగాయలు, మసాలా పొడులు నేర్పే పాఠమూ వాటి జాబితాలో ఉన్నది. బ్యాంకు మేనేజరుగారిని అడిగితే దారి చెబుతారు. అక్కడికి వెళ్లినా ఈ ఐదు ప్రశ్నలూ అడగండి. ఉచితమైనా మన రోజులు ఉచితం కావు.

చివరగా సంఘానికి నా విన్నపం. ఈ వేసవిలో కొందరు సభ్యులను శిక్షణకు పంపాలని కమిటీవారు ఆలోచిస్తున్నారు. డబ్బు కట్టక ముందు ఇద్దరిని, అందులో ఒకరు తప్పక వంట తెలిసిన ఆడవారిని, ఒక పూట అక్కడ కూర్చోబెట్టి చూడనివ్వండి. విద్యార్థుల చేతులకు పిండి అంటిందా, గురువుగారి చేతికే అంటిందా అన్నది ఒక గంటలో తెలిసిపోతుంది. తృప్తికరమైన చోటు దొరకకపోతే, ఆ డబ్బుతో నాలుగు పొయ్యిలు, ఒక తక్కెడ, పది జాడీలు కొని, ఈ హాలు వెనుక వసారాలోనే మొదలుపెట్టుదాము. ఆవకాయ కాయ బజారుకు రావడానికి ఇంకా కొద్ది వారాల వ్యవధి ఉన్నది.

ఈ సభలో కూర్చున్న మామ్మగార్లకు, పిన్నిగార్లకు నమస్కరించి అడుగుతున్నాను. మీ చేతిలోని కొలత ఏ పుస్తకంలోనూ లేదు. వారానికొక సాయంత్రం మాకివ్వండి. మేము మగపిల్లలం కూడా వచ్చి, మీరు చెప్పినట్లు కాయ తుడిచి, కారం కలిపి, గిన్నెలు తోమిపెట్టి మరీ వెళతాము.