పాత వాల్వు ఆంప్లిఫయరు – రోల్ నంబరు 17
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగ విరమణ తర్వాత ఏం చేస్తున్నావో పది నిమిషాలు చెప్పమన్నారు. ముప్పై ఆరేళ్లు బ్యాంకులో లెక్కలు రాసినవాడిని. ఇప్పుడు పాత సామాను బాగుచేసుకుంటున్నాను. అందుకని ఒక్క వస్తువు గురించే చెబుతాను. అది పాతబడిన, చెడిపోయిన, సెకండ్ హ్యాండ్ వాల్వు ఆంప్లిఫయరు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వినడానికి వాడేది.

సుబేదారిలో మన చిన్నప్పుడు రేడియో ఉన్న ఇల్లంటే పెద్ద ఇల్లే. పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టి, దాని మీద గుడ్డ కప్పి, గూట్లో పెట్టేవాళ్లు. స్విచ్చి వేస్తే వెంటనే పలికేది కాదు. లోపల వాల్వులు వేడెక్కాలి. ఆ అర నిమిషం అందరం దాని ముందు కూర్చుని ఎదురుచూసేవాళ్లం. ఆ ఎదురుచూపు నాకు ఇప్పటికీ ఇష్టం. ఇంట్లో మనవడు ఇంటర్ పరీక్షలకు చదువుకుంటాడు, మా ఇంటావిడ తొమ్మిదింటికే పడుకుంటుంది. కాబట్టి రాత్రిపూట స్పీకరు కుదరదు, హెడ్‌ఫోన్లే దిక్కు.

రెండేళ్ల కిందట హైదరాబాదులో ఒక కుర్రాడు అమెరికా నుంచి తెచ్చుకున్న ఆంప్లిఫయరు అమ్ముతున్నాడని తెలిసింది. "పని చేయడం లేదు అంకుల్, చచ్చిపోయింది. ఐదు వేలకు తీసుకెళ్లండి" అన్నాడు. తీసుకుని హన్మకొండ బస్సెక్కాను. ఇంటికి వచ్చాక గానీ నాకు తెలిసిందేమిటంటే, దాన్ని విప్పడం కూడా నాకు రాదు.

అప్పుడు రోల్ నంబరు 17 గుర్తొచ్చాడు.

పేరు చెప్పవద్దని వాడే అడిగాడు. అందుకని రోల్ నంబరుతోనే చెబుతాను. ఒకే బెంచీ వాళ్లం కనుక "వాడు" అనే అంటాను, మరోలా అనుకోవద్దు. పదో తరగతిలో ఇంగ్లీషు, లెక్కలు పోయాయి. మనం కాలేజీకి పోయిన ఏడాది వాడు అదాలత్ వైపు పోయే దారిలో ఒక రేడియో షాపులో పనికి చేరాడు. తర్వాత అదే దారిలో సొంత కొట్టు పెట్టుకున్నాడు. వాల్వు రేడియోలు, ట్రాన్సిస్టర్లు, టేప్ రికార్డర్లు, టీవీలు అన్నీ బాగుచేశాడు. ఇప్పుడు రోజుకు రెండు గంటలు కొట్టు తీస్తాడు, మిక్సీలు బాగుచేస్తాడు.

డబ్బా బల్ల మీద పెట్టాను. చాలా ఏళ్ల తర్వాత కలిశాం. వాడు నా మొహం చూడలేదు, డబ్బానే చూశాడు.

"ప్లగ్గు పెట్టినవా?"

"పెట్టలే."

"మంచి పని చేసినవ్. పెట్టకు. ముందుగాల మూత తీసి వాసన చూడు."

"చచ్చిపోయిందన్నాడురా అమ్మినవాడు."

"సచ్చిందని ఎవడు చెప్పిండు? లోపట చూసినోడు చెప్పిండా, అమ్మినోడు చెప్పిండా?"

మిత్రులారా, సెకండ్ హ్యాండ్ సామాను గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. కరెంటు ఇచ్చే ముందు కళ్లతో చూడాలి, ముక్కుతో చూడాలి, చివరికి మీటరుతో చూడాలి.

చూస్తే కథంతా అక్కడే ఉంది. వెనక వోల్టేజీ స్విచ్చి 115 మీద ఉంది. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మనకు 230. స్విచ్చి మార్చకుండా ఇక్కడ ప్లగ్గు పెట్టాడు. ఫ్యూజు పోయింది. పోవడమే దాని పని. కానీ ఆ ఫ్యూజుకు ఎవరో సిగరెట్టు పెట్టె వెండి కాగితం చుట్టి మళ్లీ పెట్టారు. దాంతో రెండు డయోడ్లు కాలిపోయాయి, కండెన్సర్లు పైకి ఉబ్బాయి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లను మీటరుతో కొలిచి, "ఇది బతికింది. ఇది పోతే మాత్రం తూకానికి అమ్ముకునుడే" అన్నాడు.

ఇక్కడ వాల్వు గురించి రెండు ముక్కలు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు. రెండేళ్లకు అమెరికాలో లీ డి ఫారెస్ట్ మధ్యలో మూడో ఎలక్ట్రోడు, అంటే గ్రిడ్, పెట్టాడు. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక లోహపు గొట్టాన్ని వేడి చేస్తే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ఎదురుగా ఎక్కువ వోల్టేజీతో ఉన్న ప్లేటు వాటిని లాక్కుంటుంది. మధ్యలో గ్రిడ్ మీద చిన్న మార్పు చేస్తే ఆ ప్రవాహంలో పెద్ద మార్పు వస్తుంది. చెరువు తూము తలుపును వేలెడు ఎత్తితే కాలువంతా మారినట్టు. ఇంతే సూత్రం. 1947లో ట్రాన్సిస్టర్ వచ్చాక ఇదే పని వేడి లేకుండా, చిన్న ముక్కలో జరిగింది. మెల్లగా వాల్వులు గూట్లోంచి అటక మీదకు పోయాయి. మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ తయారు చేసిన వాల్వులు మన 17 కొట్టులో అట్టపెట్టెల్లో ఇప్పటికీ ఉన్నాయి.

నా ఆంప్లిఫయరులో రెండే వాల్వులు. ఒకటి 6ఎస్‌ఎన్7, పాటను పెంచేది. రెండోది 6080, హెడ్‌ఫోన్‌ను నడిపేది. ఈ రెండోది అసలు పాటల కోసం పుట్టింది కాదు. పవర్ సప్లైలలో వోల్టేజీని నిలకడగా ఉంచడానికి చేసింది. బాగా కరెంటు ఇవ్వగలదు కనుక హెడ్‌ఫోన్ల పనికి వాడుకున్నారు. ఈ రెండింటి ఫిలమెంట్లకే దాదాపు 20 వాట్లు పోతాయి. జనవరిలో పక్కన కూర్చుంటే హాయిగా ఉంటుంది. మన వరంగల్ మే నెలలో మాత్రం నేను దాని జోలికి పోను.

సామాను కోసం కోఠి గుజరాతీ గల్లీకి పోయి వచ్చాను. 17 చీటీ రాసిచ్చాడు. కండెన్సరు మీద మైక్రోఫారడ్లు పాతదానిలాగే ఉండాలి, వోల్టులు పాతదానికి తగ్గకూడదు, 105 డిగ్రీలది తేవాలి అని. ప్లస్సు, మైనస్సు తిప్పి పెడితే పేలుతుందని ఎర్ర సిరాతో రాశాడు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. రెండు రోజులు వాడి దగ్గర పని చేశాక నాకే అంతా వచ్చేసిందనుకున్నాను. కొత్త కండెన్సర్లు బిగించాక డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి ఒక్కడినే స్విచ్చి వేసి చూసి, ఆపేసి, ప్లగ్గు తీసి, ఒక తీగ సర్దుదామని లోపల వేలు పెట్టాను. ప్లగ్గు తీసి ఉంది గదా అని ధైర్యం. చేయి ఎగిరి గోడకు కొట్టుకుంది. మోచేతి దాకా మంట. రెండో చేయి ఇనుప చట్రం మీద లేదు కాబట్టి ఇవాళ మీ ముందు మాట్లాడుతున్నాను. కరెంటు తీసేసినా కండెన్సర్లు 200 వోల్టులకు పైగా పట్టుకుని కూర్చుంటాయి. వాటికి మన ప్లగ్గు సంగతి తెలియదు.

పొద్దున్నే పోయి చెప్పాను. తిడతాడనుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. డ్రాయరులోంచి రెండు క్లిప్పుల మధ్య ఒక లావుపాటి రెసిస్టెన్స్ కట్టిన తీగ తీశాడు. పది కిలో ఓములు, ఐదు వాట్లది. "కండెన్సరుకు ఇది పెట్టి పది లెక్కవెట్టు. అటెన్క మీటరు పెట్టు. సున్నా చూసినంకనే చెయ్యి పెట్టు. ఒక చెయ్యి ఎప్పుడు ఎన్కకే ఉండాలె. మా ఉస్తాదు నాకిచ్చిండు. నువ్వుంచుకో" అన్నాడు. తర్వాత మెల్లగా, "మీ ఇంట్ల నిన్ను నేనేం జవాబు చెప్పుదురా" అన్నాడు.

ఇక్కడున్న పిల్లలకు అందుకే చెబుతున్నాను. వాల్వు సామాను బొమ్మ కాదు. తెలిసినవాళ్లు పక్కన లేకుండా మూత తీయకండి.

మళ్లీ మొదటి నుంచి చేశాం, ఈసారి వాడి పద్ధతిలో. ముందు వాల్వులు తీసేసి, సిరీస్ బోర్డులో 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెట్టి, దాని ద్వారా కరెంటు ఇచ్చాం. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సామాను కాలిపోకుండా బల్బు భారం మోస్తుంది. మా బల్బు ఒక్కసారి మెరిసి ఆరింది. అంటే క్షేమం. తర్వాత వాల్వులు పెట్టాం. నారింజ రంగు వెలుగు వచ్చింది. వాల్యూం తిప్పితే గరగర వచ్చింది. కాంటాక్టు క్లీనరు కొట్టి ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పితే పోయింది. ఎడమ చెవిలో పాట సన్నగా వచ్చింది. 6080లో ఒక సగం అలిసిపోయింది. వాడిన వాల్వు ఒకటి కొన్నాం. చివరికి సన్నటి హమ్ము మిగిలింది. నేను మళ్లీ కండెన్సర్లనే అనుమానించాను. వాడు హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని విని, "నీ ల్యాప్‌టాప్ చార్జరు పీకు" అన్నాడు. పీకాను. హమ్ము పోయింది. వేల రూపాయల మరమ్మతు ఒక ప్లగ్గుతో తేలిపోయింది.

హెడ్‌ఫోన్ సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి ఆంప్లిఫయరుకు సొంత అడ్డంకి, అంటే అవుట్‌పుట్ ఇంపీడెన్స్, ఎక్కువ. వంద ఓములనుకుందాం. సెల్‌ఫోన్‌తో వాడే 32 ఓముల హెడ్‌ఫోన్ పెడితే వోల్టేజీలో నాలుగో వంతే చెవికి చేరుతుంది, మిగతాది లోపలే పోతుంది. పాట బలహీనంగా, కరుగ్గా ఉంటుంది. 250 ఓములది పెడితే డెబ్బై శాతం చేరుతుంది. కొనేముందు ఈ ఒక్క అంకె చూసుకోండి.

బ్యాంకువాడిని కదా, లెక్క చెప్పకపోతే నిద్ర పట్టదు. ఆంప్లిఫయరు 5,000, కండెన్సర్లు 560, డయోడ్లు 40, ఫ్యూజులు 20, క్లీనరు 250, కోఠికి పోయి వచ్చిన ఖర్చు 330, వాల్వు 1,900, పాత 250 ఓముల హెడ్‌ఫోన్ 6,500. మొత్తం 14,600 రూపాయలు. ఇందులో రోల్ నంబరు 17 కూలి లేదు. తీసుకోలేదు. కాబట్టి ఈ లెక్క సరైనది కాదు.

శబ్దం కొత్తవాటికంటే గొప్పదా అని అడుగుతారు. మీటరు పెట్టి కొలిస్తే ఇప్పటి చిన్న చిప్పు ఆంప్లిఫయరే శుభ్రంగా ఉంటుంది, నేను అబద్ధం చెప్పను. కానీ రాత్రి పదింటికి స్విచ్చి వేసి, అర నిమిషం ఎదురుచూసి, ఘంటసాల గొంతు మెల్లగా పైకి వస్తుంటే మా గూట్లో రేడియో ముందు కూర్చున్నట్టే ఉంటుంది. పైగా అందులో ప్రతి ముక్కా ఎందుకుందో నాకిప్పుడు తెలుసు. రేపు చెడిపోయినా భయం లేదు.

పని పూర్తయిన రోజు వాడిని ఈ సభకు రమ్మన్నాను. నవ్వి, "నన్నెందుకు పిలుస్తర్రా? నేను పాసైనోన్ని కాదు గద" అన్నాడు.

ఇంటికి వచ్చి మన సంచిక కోసం తయారైన పూర్వ విద్యార్థుల జాబితా తీశాను. డాక్టర్లున్నారు. కాజీపేట ఆర్‌ఈసీలో చదివిన ఇంజనీర్లున్నారు. మాస్టర్లున్నారు. 16 ఉంది, 18 ఉంది, 17 లేదు. ఒక్క మా సెక్షన్‌లోనే అలా తొమ్మిది మంది లేరు. ఆ జాబితా చేసిన కమిటీలో నేనూ ఉన్నాను. పాసైనవాళ్ల రిజిస్టరు చూసి రాసుకున్నాం. తెరిచి చూడకుండానే "పని చేయదు" అని రాసేశాం.

అందుకని ఈ సభకు నావి రెండు విన్నపాలు. ఒకటి, ఈ బడిలో హాజరు పట్టీలో పేరున్న ప్రతి ఒక్కరూ మన సంఘం సభ్యులే అని ఇవాళే తీర్మానం చేయండి. పాసు, ఫెయిలు మనకెందుకు? రెండోది, బడిలో పాత సైన్సు గది ఖాళీగా ఉంది. నెలకు ఒక శనివారం అక్కడ ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక సిరీస్ బోర్డు పెడదాం. ఇంట్లో చెడిపోయిన సామాను పిల్లలు తెచ్చుకుని, పెద్దల పక్కన కూర్చుని విప్పి చూస్తారు. ఖర్చు నేను భరిస్తాను. నేర్పేవాడు ఒప్పుకున్నాడు.

వాడు ఇవాళ వచ్చాడు. ఎప్పటిలాగే చివరి వరుసలో కూర్చున్నాడు. ఆంప్లిఫయరు హాలు బయట బల్ల మీద పెట్టాం. భోజనాలయ్యాక ఒక్కొక్కరు వచ్చి రెండు నిమిషాలు వినండి. వాల్వులు ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది. ఏమైనా అడగాలనుకుంటే నన్ను కాదు, వాడిని అడగండి.