బండి చెప్పే మాట, డ్రైవరు చెప్పే మాట

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

గ్యారేజీలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైన వాణ్ణి కనుక, ఇప్పటి బండ్లలో వస్తున్న తనిఖీ ఏర్పాటు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు.

మన రోజుల్లో పొగ చూసి బండి రోగం చెప్పేవాళ్లం. నల్ల పొగైతే డీజిలు ఎక్కువవుతోందనో, ఎయిర్ క్లీనరు మూసుకుపోయిందనో. నీలి పొగైతే ఇంజనాయిలు మండుతోందని. ఇప్పుడా పని సెన్సర్లు, వాటి మాట వినే చిన్న కంప్యూటరు చేస్తున్నాయి. దీన్నే ఓబీడీ అంటున్నారు. అమెరికాలో 1996 మోడలు కార్ల నుంచి దీని రెండో తరం తప్పనిసరైంది. మన దేశంలో 2010లో మొదటి దశ, 2013లో రెండో దశ వచ్చాయి. కాలుష్యాన్ని అదుపు చేయడం దీని అసలు ఉద్దేశం.

కార్లలో స్టీరింగు దగ్గర కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానరు తగిలిస్తే కోడు వస్తుంది. పి0217 అంటే ఇంజను మితిమీరి వేడెక్కిందని. అంతవరకే. నీళ్లు తగ్గాయా, ఫ్యాన్ బెల్టు వదులైందా, రేడియేటరు పూడిందా అన్నది మనిషే చూడాలి. జ్వరం ఎంతుందో చెప్పే థర్మామీటరు మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా!

ఉపగ్రహాల సాయంతో తన చోటు తెలుసుకునే చిన్న పెట్టెను, లోపల సిమ్ కార్డుతో సహా, ఈ సాకెట్‌కే పెడుతున్నారు. బండి ఎక్కడుందో ఉపగ్రహం చెబుతుంది. నిలబడ్డ బండిలో ఇంజను ఆడుతోందో ఆగిందో ఓబీడీ చెబుతుంది. రెండూ కలిసి యజమాని ఆఫీసు తెరమీద కనబడతాయి.

చిక్కంతా అక్కడే. మా పక్కింటి కుర్రాడు ఒక ప్రైవేటు బస్సు నడుపుతాడు. ఊరికే ఇంజను ఆడించి డీజిలు తగలేశావని ఒక నెల అతని జీతంలో కోత పెట్టారు. తెల్లవారుజామున బండి తీసేముందు ట్యాంకుల్లో గాలి నిండితే తప్ప ఎయిర్ బ్రేకులు పట్టవని మనకు తెలుసు. తెర ముందు కూర్చున్న గుమాస్తాకు తెలియదు. సడన్ బ్రేకుకూ అంతే. అడ్డొచ్చిన గేదె తెరమీద కనపడదు.

అలాగని పెట్టె పీకేయమనను. కె.ఎం.పి.ఎల్. తగ్గిందని మన డ్రైవర్లు సంజాయిషీలు రాసుకున్న రోజుల్లో, తప్పు కాలిదా నాజిల్‌దా అని తేల్చే సాక్షి లేక ఎంతమంది నష్టపోయారు! ఇప్పుడా సాక్షి ఉంది. ఆ చిట్టా ఏ రోజుది ఆ రోజు డ్రైవరుకూ చూపాలి, కారణం రాయడానికి లాగ్‌షీటులో ఒక గడి ఇవ్వాలి. ఈ మేరకు ఒక వినతిపత్రం తయారుచేశాను. కార్యవర్గం పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

కారున్న సభ్యులకు ఇంకొక్క మాట. మెకానిక్కు కోడు చెరిపేముందు దాన్ని కాగితం మీద రాయించుకోండి. చెరిపితే, లోపం వచ్చిన క్షణంలో ఇంజను వేగం, వేడి ఎంతున్నాయో ఆ లెక్క కూడా పోతుంది.

సెలవు.