కాళ్లు కదిలితే పాఠం ఆగదు
(ఆదివాసీ దినోత్సవ సభలో ఛాత్రోపాధ్యాయులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

నా నాలుగు మాటలు ముఖ్యంగా డి.ఎల్.ఇడి. చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. రేపు ఒకటి, రెండు తరగతుల్లో మన పిల్లలు మీ చేతికే వస్తారు.

మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును జాతీయ విద్యావిధానం 2020 పునాది దశ అంది. ఆటలతో, కృత్యాలతో నేర్పమంది. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అయినా చాలాచోట్ల బడిలో మొదటి మాట "చేతులు కట్టుకుని కూర్చో" అనే.

మన పిల్లలకు ఇది రెండింతల కష్టం. పాడేరు, అరకు వైపు ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు బడికి రాగానే తెలుగు వినాలి. మా హాస్టల్లో అలాంటి పాప ఒకతి చదవమంటే తల దించుకునేది. ఒక సాయంత్రం వరండాలో గీత గీసి "లోపల, బయట, ముందు, వెనుక" అంటూ గెంతే ఆట ఆడించాను. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ మాటలు నోటికి రాకముందే కాళ్లకు వచ్చేశాయి. నోటితో చెప్పమని మాత్రమే అడిగితే "వెనకబడిన పిల్ల" అని ముద్ర వేసేస్తాం. ఆ ముద్రతో పిల్ల బడిలో ఎన్నాళ్లు నిలుస్తుంది?

అందుకే పాఠం అయ్యాక ఆడుకోండి అంటే చాలదు. ఆ ఆటలోనే పాఠం ఉండాలి. ముగ్గుపిండితో నేల మీద పెద్ద 'అ' వేసి దాని మీద నడిపించండి. తర్వాత గాలిలో చెయ్యి తిప్పించి, చివరికి పలక ఇవ్వండి. పది రాళ్లు వరుసగా పేర్చి, మూడు అడుగులు వేసి మరో రెండు వేయమనండి. కూడిక వచ్చేస్తుంది. వెనక్కి నడిస్తే తీసివేత. డప్పు ఆగగానే నిలబడిపోయే ఆటతో చెవి పెట్టి వినడం అలవడుతుంది. నడవలేని పిల్లవాడుంటే చప్పట్లతో, చేతులతో అతన్నీ కలపండి.

ఇదంతా పుస్తకంలో చదివితే రాదు. సూక్ష్మబోధనలో తోటి విద్యార్థులే పిల్లలు కదా, వాళ్లను గెంతించండి, మీరూ గెంతండి. సిగ్గు అక్కడే పోవాలి. పాఠ్యపథకంలో ప్రతి కృత్యం పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: ఈ ఐదు నిమిషాల్లో పిల్లల ఒళ్లు ఏం చేస్తోంది?

మనకు థింసా ఉంది. చేతులు వెనక నుంచి పెనవేసుకుని, అందరూ ఒక్క అడుగుగా కదలడం మన అమ్మలు మనకు నేర్పారు. ఆ అడుగుల్లో లెక్క ఉంది, కుడి ఎడమలున్నాయి, పక్కవాళ్లతో కలిసి నడవడం ఉంది. వాటిని తరగతిలోకి తెండి. అయితే ఊరి పెద్దల్ని అడిగి తెండి. దీక్షతో, నియమంతో ఆడే గుస్సాడీ లాంటివి వాటి చోటనే ఉండనివ్వండి. అతిథులు వచ్చిన రోజు వేషం కట్టించి ఆడించి, మిగతా రోజులు కదలకుండా కూర్చోబెట్టడం మాత్రం మన సంస్కృతిని గౌరవించడం కాదు.

సోమవారం మీ కాలేజీకి వెళ్లాక ఒక్క పాఠం ఇలా తయారు చేయండి. ముందు మీ కాళ్లతో చేసి చూడండి.

జై ఆదివాసీ.