రెండేళ్ళ చదువు, మన ఓటు

కమ్యూనిటీ కాలేజీ అంటే మన ఇళ్ళలో చిన్నచూపు. పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి ఇంజనీర్లయినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు కదా! ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ టెక్నాలజీ అలాంటిదే: రెండేళ్ళు, ఆసిలోస్కోపు, సోల్డరింగు, పీఎల్‌సీలు. హెచ్-4 మీద ఉన్నవాళ్ళూ చదువుకోవచ్చు, ఉద్యోగానికి మాత్రం వేరే అనుమతి కావాలి.

చిక్కల్లా తర్వాతే. ఇక్కడి లెక్కలు ఎక్కువగా ఆల్జీబ్రా, ట్రిగొనామెట్రీ. నాలుగేళ్ళ ఇంజనీరింగుకి కాలిక్యులస్ కావాలి. అందుకే ఏఏఎస్ క్రెడిట్లు చాలావరకు అక్కడ చెల్లవు. ఈసెట్‌లా నేరుగా రెండో ఏడాదిలో చేర్చుకునే దారి సాధారణంగా ఉండదు.

యూనివర్సిటీలతో ఒప్పందాలు కుదర్చమని కాలేజీ బోర్డునే అడగాలి. అరిజోనా, టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఆ సభ్యుల్ని ఎన్నుకునేది ఓటర్లే. అధ్యక్షుడి ఫలితాలకి రాత్రంతా మేలుకునే మనం, బ్యాలెట్ అడుగునున్న ఆ పేర్లు చదవను కూడా చదవం. పౌరసత్వం ఉన్నవాళ్ళు ఈసారి ఆ అభ్యర్థుల్ని మన సమావేశానికి పిలిచి క్రెడిట్ల సంగతి అడగండి.