అరుగు మొదలు పెరడు వరకు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సభ్యులలో పలువురు పెద్దలనాటి యిండ్లను తీసివైచి క్రొత్త కట్టడములు లేపుచున్నారు. ఎన్ని గదులు, ఎన్ని స్నానశాలలు, బండి నిలుపు చోటెక్కడ అను ప్రశ్నలు తప్పక వచ్చుచున్నవి. “పదిమంది చుట్టములు వచ్చినచో ఎక్కడ కూర్చుందురు? ఎక్కడ భుజింతురు?” అను ప్రశ్న మాత్రము గృహప్రవేశము నాటికిగాని రాదు. అప్పుడు వీధిలో షామియానా వేయుదుము. ఈ ప్రశ్నను ముందుగానే వేసికొనవలెనని మనవి చేయుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

మన పూర్వుల యిల్లు దీనికి సమాధానముగానే పుట్టినది. వీధివైపున అరుగు, దాని వెనుక పంచ, లోపల మండువా, మండువా చుట్టును వసారాలు, వెనుక పెరడు. మనము స్థిరపడిన ప్రాంతములలోను ఈ చోటులకు సాటి గలవు. మన అరుగును తమిళులు తిణ్ణై యందురు, కన్నడిగులు జగలి యందురు. ఒడియావారి పిండా, మరాఠీవారి ఓసరి దానికి దగ్గర బంధువులే. చెన్నపట్టణపు ఆంగ్లేయులు దీనిని పయల్ అనిరి. ఆ మాట పోర్చుగీసు భాషనుండి వచ్చినది. ఇన్ని భాషలవారు ఒక చోటికి పేరు పెట్టుకొనిరన్న, అది అలంకారము కాదు, అవసరము.

ఆ యింటి గుణమేమనగా, బయటినుండి లోపలికి ఒక్క గంతున పోవుట లేదు. అరుగుమీద నీడ కలదు, గోడ లేదు. పంచకు కప్పు కలదు, ముందువైపు తెరపి కలదు. మండువాకు నాలుగు ప్రక్కల గోడలు కలవు, పైన ఆకాశము కలదు. నాలుగు కప్పుల వాన నడిమి గుంటలో పడి తూముగుండా వెలుపలికి పోవును; వేడెక్కిన గాలి పైకి పోవును. దారిన పోవువాడు అరుగుమీద రెండు మాటలాడి పోవును. దగ్గరివాడు పంచలోనికి వచ్చును. చుట్టము మండువా దాక వచ్చును. ఎవరి చనువుకు తగిన చోటు వారికి దొరకెడిది.

అయినను పాత యింటిని పొగడుటతో ఆగిపోరాదు. ఆ మెట్లే మనుష్యులను వేరుచేయుటకును ఉపయోగపడినవి. కులము పేరిట కొందరు అరుగు దాటరాదు. కొందరు అరుగు ఎక్కనేరాదు. పంక్తి పంచలో సాగుచుండగా, వండిన స్త్రీలు పొగలో, వెనుక వంటశాలలో ఉండిపోయిరి. సంభాషణలో వారికి పాలు లేదు. క్రొత్త యింటికి పాత యింటి గాలి వెలుతురులు కావలెను. ఈ రెండు దోషములు రాకూడదు. వంటగదికి వసారావైపు వెడల్పయిన కిటికీయో, సగము గోడయో పెట్టినచో, వండువారు అతిథులతో మాటలాడుచునే పని చేసికొందురు, వడ్డనకు దూరమును తగ్గును.

ఈ విషయమున ఆధునిక వాస్తుశిల్పులు చెప్పినదియు వినదగినది. 1930లో సికింద్రాబాదులో జన్మించిన ఛార్లెస్ కొరియా, మన వంటి ఉష్ణదేశములలో ఆకాశము క్రింది చోటు కూడ ఒక గదియేయని జీవితాంతము వాదించెను. నవీ ముంబయిలోని బేలాపూరులో ఆయన 1980ల దశకమున నిర్మించిన కాలనీలో, ఏడేసి యిండ్లు ఒక చిన్న ఉమ్మడి ముంగిలి చుట్టు కూడియున్నవి. ఎవరి గోడ వారిదే, ఎవరి పెరడు వారిదే, ముంగిలి మాత్రము అందరిది. చిన్న స్థలము గల మన సభ్యులు, ముఖ్యముగా షోలాపూరు, ముంబయి వంటి యిరుకు నగరములవారు, దీనిని గమనింపవలెను. అన్నదమ్ములు పాలు పంచుకొన్నప్పుడు స్థలమును నిలువునా చీల్చుటకు బదులు, నడుమ ఒక ముంగిలిని ఉమ్మడిగా నిలుపుకొనిన యెడల ఇరువురికిని చోటు మిగులును.

ఇక కొలతల మాట. క్రిస్టఫర్ అలెగ్జాండరు మిత్రులతో కూడి 1977లో ప్రకటించిన గ్రంథమున, ఆరడుగులకు తక్కువ లోతుగల బాల్కనీలను జనులు దాదాపు వాడనే వాడరని వ్రాసెను. మన మేడలలో మూడడుగుల బాల్కనీలు బట్టలారవేయుటకే మిగులుట చూచుచున్నాముగదా! నేలపై విస్తరి వేసి కూర్చుండుటకు మనిషికి రెండడుగుల వెడల్పు కావలెను. కావున ఇరువదియడుగుల పంచలో ఒక వరుసకు పదిమంది పట్టుదురు. మనిషికిని విస్తరికిని కలిపి మూడున్నర అడుగులు, రెండు వరుసలకు ఏడు అడుగులు, నడుమ వడ్డించువారికి మూడు అడుగులు. వెరసి పది అడుగుల లోతు. అంత చోటు లేనిచో, పంచకును హాలుకును నడుమ నాలుగు రెక్కల మడత తలుపులు పెట్టవచ్చును. తలుపులు తెరచిన నాడు రెండును కలిసి ఒకటే సభాస్థలమగును. అరుగు పదునారు నుండి పదునెనిమిది అంగుళముల ఎత్తుండిన కాళ్లు వ్రేలాడవు, మోకాళ్లు మడతపడవు.

దిక్కును చూచుకొనుట అంతకంటె ముఖ్యము. అతిథులు సాధారణముగా సాయంకాలము వత్తురు. మధ్యాహ్నము దాటిన పిమ్మట ఇంటి నీడ తూర్పునకు పడును; కావున కూర్చుండు పంచ తూర్పున నున్న మేలు. పడమటి యెండ వాలుగా వచ్చును, చూరు దానిని ఆపలేదు. అటు చెట్టుగాని, తడికగాని, జాలి గోడగాని కావలెను. యానాము, చెన్నపట్టణము, బరంపురము వంటి చోట్ల మధ్యాహ్నము తరువాత సముద్రపు గాలి తూర్పు దిక్కులనుండి వీచును. అయితే గాలి వచ్చుటకు ఒక ద్వారమున్న చాలదు, పోవుటకు ఎదుట మరియొకటి యుండవలెను. బళ్ళారి, షోలాపూరుల పొడివేడిలో ముంగిట నీరు చల్లినచో చల్లబడును; తీరప్రాంతపు తేమగాలిలో నీటివలన ఫలము తక్కువ, గాలి ఆడుటయే ప్రధానము. ఎత్తయిన హోసూరులో రాత్రులు చలి గనుక, పంచకు మూయదగిన తలుపులు అవసరము.

నేల విషయమున ఏమరుపాటు తగదు. హాలుకంటె పంచ ఒక అంగుళము పల్లముగ నుండి, పది అడుగులకు రెండంగుళముల వాలు బయటివైపు ఉన్నచో, వాననీరు లోపలికి రాదు. నల్లని కడప బండ యెండలో కాలును. నునుపు చేసినదైన తడిలో జారును. బయటకు గరుకు బండయే తగినది. మండువాలోగాని పెరటిలోగాని నీరు నిలువనీయరాదు. డెంగీ దోమ నిలువ నీటిలోనే పెరుగును. చేతులు కడుగు నీటిని అరటిచెట్లకు పారించుడు. మెట్లున్నచోట ఒక ప్రక్క వాలుదారియు, పట్టుకొనుటకు కమ్మియు పెట్టుడు. పెద్దలు రాలేని విందు విందు కాదు. దీపములను కూర్చున్నవారి తలలపై గాక కొంత ఎడముగ నుంచిన పురుగులు అటు పోవును.

పొరుగువారిని మరువకుడు. బయట కూర్చుండిన మాటలు బయటికే పోవును. రాత్రి పది మొదలు ఉదయము ఆరు వరకు ధ్వనివర్ధకములను బహిరంగ స్థలమున వాడుట 2000 సంవత్సరపు నిబంధనల మేరకు సామాన్యముగా నిషిద్ధము. పొరుగింటివారిని కూడ పిలుచుట అన్నిటికంటె మేలయిన ఉపాయము!

సోదరులారా, ఈ మాటలన్నియు సిమెంటును గూర్చి కావు. మన పిల్లలు బడిలో ఒక భాష, బజారులో ఒక భాష మాటలాడుదురు. తాతయు మేనత్తయు పొరుగు పిన్నియు కూర్చుండి లోకాభిరామాయణము సాగించు చోటనే వారు తెలుగు విందురు. ఆ చోటు యింటిలో లేకున్న, చుట్టములు కల్యాణమండపమున కలిసి, భోజనము చేసి, గంటలో విడిపోవుదురు. పటము గీయించునప్పుడు ఒక పడకగదిని కొంచెము చిన్నది చేసియైనను, పదిమంది కూర్చుండు పంచను నిలుపుకొనుడు. పటము మీద గీత చెరుపుట సులభము. గోడ లేచిన పిమ్మట కష్టము. ఈ మార్గమున ఇల్లు కట్టదలచినవారు తమ పటములను వచ్చే సమావేశమునకు తెచ్చినచో, అందరము కూర్చుండి చూతము.