తేలేదాకా తీర్పు వద్దు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మార్కుల గురించి చెప్పడానికి నాకన్నా తెలిసినవారు వేదికమీద ఉన్నారు. నేను వేరొక సంగతి చెబుతాను. మన కోవిల్‌పట్టి పేరు చెబితే కడలమిట్టాయి తర్వాత గుర్తుకొచ్చేది హాకీ. ఆటల కోటాలో సీటో ఉద్యోగమో వస్తుందని ఆశపడే కుటుంబాలు ఈ సభలోనే ఉన్నాయి. అలాంటి ఇంటి బిడ్డ నిషేధించిన మందు వాడిందనే మాట ఒకరోజు పుడితే మనం ఏం చేయాలి?

2002లో బుసాన్ ఆసియా క్రీడల్లో పంజాబు అమ్మాయి సునీతా రాణి 1500 మీటర్లలో బంగారు పతకం, 5000 మీటర్లలో కంచు పతకం గెలిచింది. పరీక్షలో నాండ్రోలోన్ కనబడిందని రెండూ తీసేసుకొన్నారు. తరువాత ఆ పరీక్ష వివరాల్లోనే తేడాలున్నాయని బయటపడింది. ఆమె నిర్దోషి అని తేల్చి పతకాలు తిరిగి ఇచ్చారు. పతకాలైతే తిరిగి వచ్చాయి. నడుమ పడ్డ మాటలను ఎవరు వెనక్కు తీసుకొన్నారు?

ఇక్కడ నిబంధన కూడా తెలుసుకోవాలి. కోర్టులో నేరం రుజువు చేసే భారం ఆరోపించినవారిది. డోపింగులో లెక్క కొంత వేరు. ఆటగాడి మూత్రాన్ని ‘ఎ’, ‘బి’ అని రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. ‘ఎ’లో మందు కనబడితే ‘బి’ని కూడా పరీక్షించమని అడిగే హక్కు ఆటగాడికి ఉంది. అదీ నిజమైతే, కావాలని వాడాడా లేదా అనే ప్రశ్న లేకుండానే తప్పు నిలుస్తుంది. మందు ఒంట్లోకి ఎలా వచ్చిందో చూపించవలసిన భారం ఆటగాడిమీద పడుతుంది.

ఇది అన్యాయమా? బ్యాంకులో పనిచేసినవాడిగా నాకు అలా తోచదు. సాయంత్రం లెక్కలో డబ్బు తగ్గితే క్యాషియరే కట్టాలి. అది బాధ్యత. అంతమాత్రాన అతను దొంగ కాడు.

నా ఉద్యోగం తొలిరోజుల్లో మా శాఖ క్యాషియరుకు రెండు వేలు తగ్గాయి. జీతంలోంచి కట్టాడు. అయినా గుసగుసలు ఆగలేదు. అతని పక్కన కూర్చొని తినే నేను కూడా టిఫిన్ క్యారియరు పట్టుకొని వేరే బల్లకు మారాను. పన్నెండో రోజున ఒక పాత లెడ్జరు పేజీల నడుమ, ఆనాడు డబ్బిచ్చిన విత్‌డ్రాయల్ స్లిప్ దొరికింది. అతని డబ్బు అతనికి వచ్చింది. నేను మళ్ళీ పాత బల్లకు వెళ్ళాను. అతను ఏమీ అనలేదు. ఆ తర్వాత నాతో ఎక్కువ మాట్లాడనూ లేదు.

2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచిన మణిపూర్ వెయిట్‌లిఫ్టర్ సంజితా చాను మీద అంతకుముందు ఏడాది ఇచ్చిన నమూనా గురించి ఆరోపణ వచ్చింది. పంపిన కాగితాల్లో నమూనా నంబర్లే ఒకటికొకటి సరిపోలేదు. 2020లో ఆరోపణను ఉపసంహరించారు. అదే చాను 2022లో ఇచ్చిన వేరొక నమూనాలో దొరికి నాలుగేళ్ళ నిషేధానికి గురైంది. రెండు ఖాతాలను కలిపేయకూడదు. మొదటిదాంట్లో తప్పు తేలలేదు, రెండోదాంట్లో తేలింది.

మన తమిళనాడులో తిరుచ్చి దగ్గరి గోమతి మారిముత్తు 2019 ఏప్రిల్‌లో దోహాలో ఆసియా 800 మీటర్ల బంగారు పతకం తెచ్చినప్పుడు ఊరూరా పొగిడాం. మార్చిలో పాటియాలాలో ఇచ్చిన నమూనాలోనూ మందు ఉందన్న సంగతి ఆమె దోహా వెళ్ళకముందే చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేది. చివరకు నాలుగేళ్ళ నిషేధం పడింది, అప్పీలు కూడా నిలవలేదు. తీర్పును ఒప్పుకొందాం. కానీ తీర్పు రాకముందే నిందించినవారు, తీర్పు తమవైపు వచ్చినంతమాత్రాన న్యాయంగా నడుచుకొన్నట్టు కాదు.

పరీక్షశాలలూ మనుషులు నడిపేవే. ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్షశాల గుర్తింపునే ప్రపంచ సంస్థ 2019లో నిలిపివేసింది. 2021లోగాని తిరిగి ఇవ్వలేదు.

పిల్లలారా, జలుబు మాత్ర అయినా, జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడి అయినా డాక్టరును అడగకుండా నోట్లో వేసుకోవద్దు. చీటీలు, బిల్లులు దాచుకోండి. జబ్బుకు ఆ మందే తప్పనిసరైతే ముందుగానే అనుమతి కోరే పద్ధతి ఉంది. నమూనా ఇచ్చేటప్పుడు సీసా మీది నంబరు, కాగితం మీది నంబరు ఒకటేనా అని చూసి సంతకం పెట్టండి. చదవకుండా సంతకం పెట్టకూడదని ముప్పైయేళ్ళు కౌంటరులో చెప్పినమాటే ఇక్కడా చెబుతున్నాను.

తల్లిదండ్రులారా, మీ బిడ్డమీదనో పక్కింటి బిడ్డమీదనో ఇలాంటి మాట వస్తే, ‘బి’ సీసా తెరిచేదాకా, విచారణ ముగిసేదాకా ఆగండి. తప్పు తేలితే శిక్ష ఎలాగూ పడుతుంది. తేలకముందే మనం వేరే బల్లకు మారితే, తిరిగి వచ్చినా ఆ చోటు మునుపటిలా ఉండదు.